మొదలు అడిగిన మానుగడప తల్లి

గడప దిగండి. అమ్మవారిని చూడటానికి ఇంత దూరం వచ్చి, ఆమె గడప మీదే కాలు ఆనించి దుమ్ము దులుపుకుంటున్నారు. ఇంట్లోనూ ఇలాగే చేస్తారని చూస్తేనే తెలుస్తోంది. తలుపు కొనేటప్పుడు దాని మీద చెక్కిన నెమలి బాగుందా లేదా అని చూస్తారే గాని, ఆ చెక్క ఏ చెట్టుది, దానికి మొదలేది, కొసేది అని ఒక్కరూ అడగరు. నెల తిరగకుండా తలుపు పట్టేస్తే వడ్రంగిని తిడతారు. ముందు ఈ కథ చదవండి. తరువాత లోపలికి వెళ్ళండి.

మానుగడప పులివాగు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. గుడికి గోపురం లేదు. అమ్మవారు మోకాలెత్తు నల్లరాయి. కాని ఆమె గడప లాంటిది మరెక్కడా కనపడదు. గుమ్మానికి నిలువుగా నిలిపే రెండు మద్ది కమ్ములను పక్కపక్కన చేర్చి, ఒక్క మేకు లేకుండా బిగించారు. అది గుమ్మం కన్నా పొడవు. రెండు వైపులా గోడ తొలుచుకుని జానెడు బయటికి వచ్చి ఉంటుంది. కొలత తెలియని వాడెవడో పెట్టాడని కొందరు నవ్వుతారు. పెట్టినవాడికి కొలత తెలుసు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఊరిని కూడా వాగు పేరుతోనే పిలిచేవారు. అమ్మవారు ఎండకూ వానకూ బయటే ఉండేది. ఒక ఏడు వాగు పొంగి తగ్గిన ఉదయం, గొర్రెల కాపరి బొట్టయ్య వచ్చి చూశాడు. వేళ్ళతో సహా కొట్టుకువచ్చిన మద్దిమాను ఒకటి అమ్మవారికి జానెడు ఎడంగా ఆగి ఉంది. రాయి కదలలేదు. దాని మీది పసుపు కరగలేదు. బొట్టయ్య పరుగున వెళ్ళి చెబితే ఊరంతా వచ్చింది. తల్లి తన ఇంటికి మాను తానే తెచ్చుకుందని అందరూ దండం పెట్టారు. ఊరిపెద్ద పైడినాయుడు గుడి కట్టించడానికి పూనుకుని, తలుపు పని వడ్రంగి సింగనాచారికి అప్పగించాడు.

సింగనాచారి తలుపంటే చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో పేరు. "ఆచారి పెట్టిన తలుపులోంచి గాలి కూడా అడిగే రావాలి" అని జనం వేళాకోళంగా అనేవారు. ఆ మాటే ఆయన బతుకు. అది పోతే ఇక ఆయనకు మిగిలేది ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం మాను మీద కోతకు గీతలు గీసి, దాని పక్కనే కునుకు తీశాడు. తడికొంగు తల మీద కప్పుకున్న ముసలామె ఒకతె కలలో కనపడింది. "నాయనా, మొదలు నా దగ్గర ఉండనీ. మిగిలింది నువ్వు తీసుకో" అంది.

అప్పటికి ఆచారి సొంత ఇల్లు కట్టుకుంటున్నాడు. మాఘమాసంలో గృహప్రవేశం. మానును రెండుగా కోయించి చూస్తే, మొదలు వైపు సగం ఎర్రగా, ఉలికి లొంగనంత గట్టిగా ఉంది. పై సగం కూడా మంచిదే, కాని దీని ముందు తేలిపోయింది. ఆయన చాలాసేపు తటపటాయించాడు. 'కోసిన తరువాత పై ముక్కకు కూడా కింది కొస మొదలే అవుతుంది కదా' అనుకున్నాడు. అలా అనుకున్నాక మనసు తేలికపడింది. గట్టి సగం బండెక్కి ఇంటికి వెళ్ళింది.

ముందుగా గుడి తలుపు పెట్టాడు. తొందరలో పై కమ్మి నువ్వుగింజంత వాలింది. అయినా ఆ తలుపు చక్కగా మూతపడింది. తరువాత తన ఇంటి తలుపు పెట్టాడు. తూకపు గుండు వేలాడదీశాడు, మూలమట్టం ఆనించాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టి, వెనుదిరిగాడు. తిరిగి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది.

గడియ తానే మరిచానేమో అనుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తెరుచుకుంది. బందులు మార్చాడు. చిత్రిక పట్టాడు. పొద్దున వదులైన తలుపు మధ్యాహ్నానికి పట్టేసేది. పట్టేసిన చోట చెక్క తీస్తే అవతలి వైపు పట్టేసేది. కమ్ములు తలకిందులుగా, మొదలు పైకి వచ్చేలా నిలిపానా అన్న అనుమానంతో వాటిలో మిగిలిన తుంపు ముక్కను వాగులో వేసి చూశాడు. మొదలు వైపు బరువుగా మునిగింది. నిలిపింది సరిగ్గానే ఉంది. మూడుసార్లు ఊడదీసి నిలబెట్టాడు. గుడికి వెళ్ళి అక్కడి తలుపు కొలిచాడు. తప్పున్న తలుపు మూతపడుతోంది, తప్పులేనిది పడటం లేదు. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన పని ఒక్కసారిగా తెలియని పనైపోయింది.

గృహప్రవేశానికి కట్టిన మామిడి తోరణాన్ని మేక లోపలి నుంచి వచ్చి తింటుండగా పైడినాయుడు చూశాడు.

"ఏం ఆచారీ, తలుపు పెట్టావా, పందిరి వేశావా?"

"కొత్త చెక్క నాయుడుగారూ. నాలుగు ఎండలు చూడాలి."

"గుడిదీ ఇదే మాను కదయ్యా. దానికి ఎండ అక్కర్లేదా?"

ఆచారి మేకను తోలడానికి వెళ్ళాడు.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఆయన భార్య ఆదెమ్మకు కల సంగతి చెప్పాడు. "మొదలు అడిగింది. ఇచ్చాను. కింది కొస కిందే పెట్టాను. నా తప్పేమిటో నాకు అర్థం కావటం లేదే."

ఆదెమ్మ వడ్డిస్తున్న గరిటె ఆపింది. "గుడిలో కమ్ములకు కింద ఉన్నది మొదలేనా?"

"మొదలే. అంటే, ఆ ముక్కకు మొదలు."

"అమ్మవారు చెట్టు మొదలు అడిగిందా, ముక్క మొదలు అడిగిందా?"

ఆచారి విస్తరి ముందు నుంచి లేచాడు. తన గుమ్మం ఊడదీసి, కమ్ములను తానే భుజాన మోసుకుని గుడికి తెచ్చి, ఊరి ముందు తప్పు ఒప్పుకున్నాడు. నిలిపిన అమ్మవారి ద్వారాన్ని కదపకూడదు. కనుక ఆ కమ్ములనే గడపగా వేశాడు. గుమ్మానికి సరిపడేలా కోయమని నాయుడు చెప్పాడు. "ఒకసారి కోసింది చాలు" అని ఆచారి గోడ తొలిచాడు. ఆనాటి నుంచి ఊరు మానుగడప అయింది.

నేటికీ ఇల్లు కట్టుకునేవారు నిలువు కమ్ములను ఇక్కడి వాగులో తేల్చి, మునిగిన వైపు పసుపు రాసి, ఈ గడపకు తాకించి తీసుకువెళతారు. పాత తలుపు బాగుచేయించేవారు చిత్రిక పొట్టు గుప్పెడు తెచ్చి ఇక్కడ ఉంచుతారు. శ్రద్ధగా అలా చేసినవారి గుమ్మంలోకి జబ్బూ జగడమూ రావని, ఆ ఇంటి ఆడపడుచులు నవ్వుతూ వచ్చి నవ్వుతూ వెళతారని పెద్దల మాట.

ఇక ఆచారి. అమ్మవారు ఆయన ప్రాణం తీయలేదు, చూపు తీయలేదు. గడపను స్వీకరించింది. కాని ఆ తరువాత ఆయన పెట్టిన తలుపు ఏదీ మూతపడలేదు. రెండేళ్ళలో పిలిచేవారే లేకపోయారు. రోకళ్ళు, కవ్వాలు చేసి బతికాడు. సొంత గుమ్మానికి తాటాకు తడిక కట్టుకున్నాడు. తెలివి మాత్రం పోలేదు. వీధిలో నడుస్తుంటే, ఏ తలుపు కీచుమన్నా ఎక్కడ ఎంత చెక్క తీయాలో ఆయనకు తెలిసిపోయేది. ఒకసారి ఉండబట్టలేక ఒక ఇంటి ముందు ఆగి చేయి చాపాడు. ఆ ఇల్లాలు గబగబా వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"వద్దు ఆచారిగారూ. మీరు ముట్టుకోకండి" అంది.