మొలక చేతిలో చిలక

అనగనగా, మీ తాతలకు తాతలు కూడా పుట్టకముందు, కుందనపురమని ఒక రాజ్యం. ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. ఒకనాడు జటాలుడనే మాంత్రికుడు వచ్చి రాజుగారి పూలతోట తనకిచ్చెయ్యమన్నాడు. ఇవ్వనన్నారు రాజుగారు. కాదన్న మాట వింటే జటాలుడికి ఒళ్ళు తెలియదు. అక్కడికక్కడే రాజుగారిని రాయి చేసి, ఏడు సముద్రాల అవతల ఉన్న తన దీవికి వెళ్ళిపోయాడు.

వాడి ప్రాణం ఒక చిలకలో ఉందని తెలిసి పెద్ద రాకుమారుడు బయలుదేరాడు. తిరిగి రాలేదు. రెండోవాడు బయలుదేరాడు. వాడూ తిరిగి రాలేదు. ఇక మిగిలింది చిన్నవాడు సుముఖుడు. వాడు మహా ధైర్యవంతుడని నేను అబద్ధం చెప్పను. ఒక్కో సముద్రం దాటుతుంటే గుండె ఒక్కో మెట్టు దిగజారింది. తనూ రాయైపోతే నాన్నగారిని లేపడానికి ఎవరూ ఉండరు కదా, అదీ వాడి భయం.

ఏడో సముద్రం ఒడ్డున చెట్టుమీద ఒక కోతి, దాని పిల్ల కనిపించాయి. పిల్ల తేనెతుట్టెకేసి చెయ్యి చాపుతోంది. తల్లి కొట్టలేదు, అరవలేదు. ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తిప్పి అందులో ఒక నేరేడు రెమ్మ పెట్టింది. పిల్ల మళ్ళీ చాపింది. తల్లి మళ్ళీ తిప్పింది. మూడోసారికి పిల్ల రెమ్మ దులిపి పండ్లు ఏరుకోసాగింది.

"విసుగు రాదా అమ్మా?" అని అడిగాడు సుముఖుడు.

"ఎందుకు రాదు నాయనా. కానీ వద్దు వద్దంటే ఆ చెయ్యి ఎక్కడికి పోతుంది? దానికి ఇంకో పని చూపించాలి," అంది కోతి.

కోట వాకిట్లో ఇద్దరన్నలూ రాళ్ళై నిలబడి ఉన్నారు. సుముఖుడికి ఏడుపు ఆగలేదు. జటాలుడి కూతురు హేమవల్లి వాణ్ణి చూసి జాలిపడి, గొంతు తగ్గించి సంగతంతా చెప్పింది. జటాలుడికి తల్లి లేని మనవరాలు ఉంది, పేరు మొలక, ఈమధ్యే మాటలు నేర్చింది. ఒకరోజు చిలక కావాలని ఏడ్చింది. ఆ ఏడుపు వినలేక తాత తన ప్రాణమున్న చిలకనే తీసి చేతిలో పెట్టేశాడు. అప్పటినుంచి పిల్ల దాన్ని పిసికినప్పుడల్లా ఇక్కడ తాత మెడ బిగుసుకుంటోంది. పెద్దన్న వచ్చి వదలమని గద్దించాడు. పిల్ల కెవ్వుమంది, తాత వచ్చాడు, అన్న రాయయ్యాడు. రెండో అన్న లడ్డూలిచ్చి మరిపించబోయాడు. లడ్డూలు అయిపోగానే పిల్ల కెవ్వుమంది, తాత వచ్చాడు, ఆ అన్నా రాయయ్యాడు.

"చిలక చస్తే మా నాన్న పోతాడు. మంత్రం విప్పేవాడు లేక మీవాళ్ళు ఎప్పటికీ రాళ్ళే," అంది హేమవల్లి.

సుముఖుడు లోపలికి వెళ్ళేసరికి చిలక ముక్కు తెరిచి ఎగశ్వాస పీలుస్తోంది. దాని మెడ చుట్టూ మొలక గుప్పిట. లాక్కుందామంటే పీక పుటుక్కుమంటుంది. వాడు నేలమీద కూర్చుని, పిల్ల కళ్ళల్లోకి చూశాడు.

"చిలకకి నొప్పి పుడుతోంది తల్లీ. పిసకనివ్వను. జామపండు తినిపిద్దామా, నీళ్ళు తాగిద్దామా?"

"నా చిలక," అంది మొలక.

"నీదే. జామపండా, నీళ్ళా?"

అంటూనే ఆ బుల్లి వేళ్ళ కింద తన వేలు దూర్చి గుప్పిట నెమ్మదిగా సడలించాడు. మొలక కెవ్వుమంది. సుముఖుడికి ముచ్చెమటలు పోశాయి. అయినా అరవలేదు, లడ్డూ కోసం వెతకలేదు. కోపం వచ్చింది కదూ, నేనిక్కడే ఉన్నానులే అంటూ వేలు మాత్రం తియ్యలేదు.

జటాలుడు రానే వచ్చాడు. ఒక చేతిలో మంత్రదండం, ఇంకో చెయ్యి మెడమీద. హేమవల్లి అడ్డం నిలబడి కాసేపు ఆగమని తండ్రిని బతిమాలింది. ఆ కాసేపు సుముఖుడికి ఏడు సముద్రాలకన్నా పొడుగ్గా తోచింది. పిల్ల ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళలో పడింది. తర్వాత ముక్కు ఎగబీల్చింది.

"జామ," అంది.

చిలకని సుముఖుడి చేతిలో పెట్టి, పండు ముక్క దాని ముక్కుకి అందించసాగింది. జటాలుడికి ఎన్నాళ్ళకో ఊపిరి నిండుగా ఆడింది. ఆడీ ఆడగానే దండం ఎత్తాడు. సుముఖుడు చిలకని నొక్కలేదు, అలాగని వదలనూ లేదు. పిల్లతో మాట్లాడిన గొంతుతోనే అన్నాడు:

"మనుషుల్ని రాళ్ళు చెయ్యడం ఇక కుదరదయ్యా. ముందు మా అన్నల్ని లేపుతారా, మా నాన్నగారిని లేపుతారా?"

జటాలుడు నోరు తెరిచాడు. మనవరాలు తలెత్తి, తాత ఏం చెబుతాడా అని చూస్తోంది.

"అన్నల్ని," అని గొణిగాడు చివరికి.

అన్నలు లేచారు, తర్వాత రాజుగారూ లేచారు. సుముఖుడికీ హేమవల్లికీ పెళ్ళి జరిగింది, జుట్టు నెరిసేదాకా వాళ్ళు కుందనపురాన్ని చల్లగా ఏలారు. మొలకా చిలకా వాళ్ళ దగ్గరే పెరిగాయి. పిల్లకి పట్టుకోవడం వచ్చేసిందిలెమ్మని అల్లుడు ఎంత చెప్పినా, అది చిలకని ముద్దుచెయ్యబోయినప్పుడల్లా జటాలుడు మెడ తడుముకుంటూనే ఉండేవాడు.