ముందునీళ్ల మసీదుకు ఆ పేరు వచ్చిన విధం

హైదరాబాదు పాతనగరంలోని మసీదులను దర్శించడానికి వచ్చిన యాత్రికులు ఎత్తైన మినార్లను, విశాలమైన ప్రాంగణాలను కన్నులారా చూసి, పిమ్మట గాజుల దుకాణాల వెనుక సందులోకి తిరిగితే నల్లరాతి మెట్ల పైన ఒక చిన్న మసీదు కనబడుతుంది. దీనికి ఉన్నది ఒకే కమాను. దాని కింద నిలబడి తలెత్తితే, అంతటి రాతిబరువు ఏ ఆధారమూ లేక గాలిలో నిలిచినట్టు తోచి ఒళ్లు గగుర్పొడుస్తుంది. హిందువులు, ముస్లిములు అందరూ దీనిని ముందునీళ్ల మసీదు అనే పిలుస్తారు.

పూర్వం ఇక్కడ కుమ్మరుల గుడిసెలు, వారందరూ నీళ్లు తోడుకునే ఒక దిగుడుబావి ఉండేవి. మీర్ షుజావుద్దీన్ అనే జాగీర్దారు ప్రాణం మీదికి వచ్చిన జబ్బు నుంచి కోలుకొని, ఈ చోట మసీదు కట్టిస్తానని మొక్కుకున్నాడు. పని మొదలైన ఏడాది వానలు పడలేదు. సున్నం కలపడానికి నీళ్లు చాలవని అతని మనుషులు బావికి కాపలా పెట్టి బస్తీవాళ్లను దిగనివ్వలేదు. ఆ సంగతి జాగీర్దారుకు ఎవరూ చెప్పలేదు, అతను అడగనూ లేదు.

కమాను పూర్తయి కింద ఆధారంగా పెట్టిన చెక్కలు తీయగానే అది కూలిపోయింది. మళ్లీ కట్టారు. మళ్లీ కూలింది. ఈసారి పెద్దమేస్త్రీ కాలు రాళ్ల కింద నలిగింది. తన మొక్కును దేవుడు స్వీకరించలేదని షుజావుద్దీన్ కుమిలిపోయి, అన్నం మానేసి, కూలిన రాళ్ల మధ్యనే ప్రార్థన చేస్తూ కూర్చున్నాడు.

ఒకనాడు వేకువ నమాజు తర్వాత అతనికి కునుకు పట్టింది. కలలో ఒక వృద్ధుడు వజూకు, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, చేతులు చాచాడు. షుజావుద్దీన్ చెంబుతో నీళ్లు పోశాడు. ధార పడింది గాని ఆ చేతులు తడవలేదు.

"ఈ నీళ్లకు నాకంటే ముందు వచ్చినవాళ్లు బయట ఉన్నారు" అని చెప్పి వృద్ధుడు మాయమయ్యాడు.

ఉలిక్కిపడి లేచి బయటికి వస్తే, బూదవ్వ అనే కుమ్మరి స్త్రీ ఖాళీ కుండతో కాపలావాళ్ల ముందు నిలబడి ఉంది. ఇంట్లో కూతురు జ్వరంతో ఉన్నదని, ఆమె రోజూ వచ్చి వట్టి కుండతోనే మరలిపోతున్నదని విచారిస్తే తెలిసింది. జాగీర్దారును చూసి కూడా ఆమె తల దించలేదు.

"మా పిల్ల గొంతు ఎండవెట్టి మీ గోడ తడుపుతున్రు. అసుమంటి గోడ నిలుస్తదా, దొరా?" అంది.

షుజావుద్దీన్ ఆమె చేతిలోని కుండ అందుకున్నాడు. తానే బావిలోకి దిగి, అడుగున మిగిలిన నీటిని వడగట్టి నింపి, ఆ కుండను ఆమె గుమ్మం దాకా మోశాడు. మసీదు పని ఆపించి, కూలీలను బావి లోతు చేయడానికి దింపాడు. తాను కూడా మట్టిగంపలు ఎత్తాడు. చాలా రోజులు రాయి తప్ప ఏమీ తగల్లేదు. కూలీలు ఆశ వదులుకున్నారు. చివరికి ఒక బండను పెకలించగానే దాని వెనుక నుంచి జల ఉబికింది. గునపాలు తీసుకునే వ్యవధి కూడా లేకుండా నీరు మెట్టు మెట్టూ ఎక్కుతూ వచ్చింది. గట్టు మీదివారు చేతులెత్తి నిలబడ్డారు.

బస్తీ అంతా దప్పిక తీర్చుకున్నాక, జ్వరం తగ్గిన కూతురిని చంకనెత్తుకొని బూదవ్వ వచ్చి, సున్నంలో తన చేతితో నీళ్లు పోసింది. ఆ సున్నంతో కట్టిన కమానే నేటికీ నిలిచి ఉన్నది.

ఇప్పటికీ ఇక్కడ వజూకు ముందు ప్రతివారూ మరొకరికి దోసిట నీళ్లు పోసి తాగిస్తారు; ఆ ముందునీళ్లే మసీదుకు పేరయ్యాయి. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు ఈ బావినీటిని పునాదికి తీసుకుపోతారు. అట్టి ఇల్లు తరతరాలు నిలుస్తుందని నమ్మకం. ఒంటరిగా వచ్చినవారు, ఎంత ఎండలోనైనా, ఇంకొక దప్పిగొన్న మనిషి మెట్లెక్కి వచ్చేదాకా బావి గట్టున వేచి ఉంటారు.