ఆరంకెల మంత్రివర్గం

వేణుగిరి రాజు రంగనృపతికి మంత్రుల్ని మార్చడమంటే సరదా. చెరువు గట్టు తెగిందని రైతులు మొరపెట్టుకుంటే చెరువుల మంత్రిని ధాన్యాగారానికి పంపేవాడు. అక్కడ వడ్లు మాయమైతే ఏనుగుశాలకు పంపేవాడు. ఏనుగులు చిక్కిపోయేవి. ఉన్నది ఆరుగురు మంత్రులు. ఆ ఆరుగురూ అన్ని కుర్చీల్లోనూ కూర్చుని లేచారు.

ఆ ఏడు గట్టు మళ్ళీ తెగింది. బసివిరెడ్డి అనే పెద్ద రైతు ఊరివాళ్ళను వెంటబెట్టుకుని సభకు వచ్చి, ఈసారి విత్తనాలకు కూడా గింజ మిగల్లేదని చెప్పాడు.

రాజు నొచ్చుకున్నాడు. మంత్రుల్ని ఇన్నిసార్లు మార్చినా రాజ్యం ఎందుకు మారడం లేదో ఎవరైనా చెప్పమన్నాడు. చెప్పినవాడికి బహుమానం. ఊరికే నింద వేసినవాడికి దేశబహిష్కారం.

అందరూ నేల చూపులు చూస్తుంటే తిప్పన్న లేచాడు. అతను ఆస్థానంలో హాస్యగాడు. అతని పీడ ఎప్పుడు విరగడవుతుందా అని మంత్రులు చాలాకాలంగా ఎదురుచూస్తున్నారు. జవాబు ఒక లెక్కలో ఉందనీ, లెక్కలు బాగా వచ్చినవారు సాయం పట్టాలనీ అన్నాడు తిప్పన్న.

ఆ ఆరుగురిలో అప్పటికి ప్రధానమంత్రిగా ఉన్న సోమయాజి ఉత్తరీయం సవరించుకుని ముందుకొచ్చాడు. గణితంలో తనంతవాడు లేడని ఆయనే ఊరంతా చెప్పుకునేవాడు.

తిప్పన్న సుద్దముక్కతో నేలమీద 142857 అని రాసి, రెండుతో గుణించమన్నాడు. సోమయాజి వంగనైనా వంగకుండా 285714 అన్నాడు. మూడుతో గుణిస్తే 428571. నాలుగుతో 571428. అయిదుతో 714285. ఆరుతో 857142. తిప్పన్న అన్నిటినీ ఒకదాని కింద ఒకటి రాశాడు.

సోమయాజి గర్వంగా సభను కలయజూశాడు. రాజు మాత్రం సింహాసనం దిగొచ్చి నేలమీదికి వంగాడు. ఏ వరసలో చూసినా అవే అంకెలు. కొత్తది ఒక్కటీ రాలేదు, పాతది ఒక్కటీ పోలేదు. ఇదేం వింత అని అడిగాడు.

"వింతేముంది ప్రభూ? ఎన్నిసార్లు మార్చినా ఆరుగురూ వాళ్ళే. కుర్చీలే మారాయి."

రాజు మంత్రులకేసి ఒకసారి, రైతులకేసి ఒకసారి చూశాడు. ఆయన మొహం కందిపోయింది. వీళ్ళను వదిలించుకునే దారి లేదా అని మెల్లగా అడిగాడు.

"ఉంది. ఏడుతో గుణించండి."

సోమయాజి మెల్లగా వెనక్కి జరిగాడు. రాజే సుద్దముక్క అందుకున్నాడు. మధ్యలో ఒకచోట తడబడి, చెరిపి మళ్ళీ వేశాడు. 999999 వచ్చింది. పాత అంకె ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆ ఏడోవాడు ఎవరని రాజు అడిగాడు. ఈ కుర్చీల్లో ఇంతవరకూ కూర్చోనివాడు, గట్టు ఎక్కడ కారుతుందో తెలిసినవాడు అంటూ తిప్పన్న బసివిరెడ్డిని చూపించాడు. రాజు అక్కడికక్కడే చెరువుల పెత్తనం అతనికి అప్పగించి, ఆరుగురినీ అధికార ముద్రికలు తీసి పెట్టమన్నాడు.

ముద్రిక తీస్తూ కూడా సోమయాజి ఆశ వదల్లేదు.

"ప్రభూ, ఎనిమిదితో కూడా ఒకసారి గుణించి చూద్దామా?"

తిప్పన్న చప్పున అడ్డుపడ్డాడు.

"వద్దు ప్రభూ. ఎనిమిదితో గుణిస్తే 1142856. ఒకటీ అరా తేడాతో పాతవాళ్ళంతా తిరిగొస్తారు."

ముందు బసివిరెడ్డి నవ్వాడు. తర్వాత సభంతా గొల్లుమంది. రాజు నవ్వు ఆపుకోలేక, నవ్వుతూనే తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన్న మెడలో వేశాడు.