గుమ్మడి తోటలో తెల్ల నక్కపిల్ల

అనగనగా ఒక ఊరి చివర ఒక గుమ్మడి తోట. కూర వండుకునే ఎర్ర గుమ్మడి కాదే చిట్టీ, దిష్టి తగలకుండా గుమ్మానికి కడతామే, ఆ బూడిదగుమ్మడి. ఆ తోట సింహాద్రిది, అతని పెళ్ళాం పైడితల్లిది.

ఒక వేసవిలో ఆ తోట గట్టు పొదలో ఒక నక్క మూడు పిల్లల్ని పెట్టింది. రెండేమో అమ్మలాగే మట్టిరంగు. మూడోది మాత్రం ముక్కు నుంచి తోక దాకా తెల్లటి తెలుపు.

“కాయలన్నీ కొరికి పారేస్తాయి. ఎల్లుండి కుక్కల్ని తోలుకొస్తాను” అన్నాడు సింహాద్రి. అతనికి ముక్కు మీదే కోపం.

పైడితల్లికి బెంగ పట్టుకుంది. మట్టిరంగువి మట్టిలో కనబడవు, మరి ఈ తెల్లది ఎక్కడ దాక్కుంటుంది?

మొదటి రోజు మంచె ఎక్కి చూసింది. పిల్లలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని లాగుతున్నాయి. రెండో రోజు అమ్మనక్క ఎలకను పట్టుకొచ్చింది. మట్టిరంగువి రెండూ దానికోసం కొట్టుకుంటుంటే, తెల్లది మెల్లగా లాక్కుపోయింది. పైడితల్లి పడీ పడీ నవ్వింది.

ఆ తర్వాత మూడో రోజు వచ్చింది. సింహాద్రి కుక్కల కోసం బయల్దేరుతుంటే, కొత్తిల్లు కట్టుకున్న గౌరమ్మ ఎదురొచ్చింది.

“గుమ్మానికి కట్టడానికి మంచి కాయ ఒకటియ్యి నాయనా” అంది.

ఇద్దరూ తోటలోకి వస్తున్న అడుగుల చప్పుడుకి నక్కలన్నీ పొదలో దూరాయి. తెల్లది మాత్రం అందుకోలేక, తెల్లటి బూడిద పట్టిన కాయల మధ్యే ముడుచుకుని పడుకుంది.

అప్పుడు సింహాద్రి వంగి, గుండ్రంగా ముచ్చటగా ఉన్న కాయని రెండు చేతులా ఎత్తాడు. కాయ వెచ్చగా ఉంది. ఆ తర్వాత కాయకి రెండు చెవులు లేచాయి. ఆ తర్వాత కాయ అతని మూతి మీద తుమ్మింది.

సింహాద్రి పిల్లతో సహా చతికిలబడ్డాడు.

గౌరమ్మ నవ్వాపుకుంటూ, “నక్కతోక తొక్కితేనే అదృష్టమంటారు. నువ్వు పిల్లనే ఎత్తుకున్నావు. ఇంక దీని మీదికి కుక్కల్ని తోలతావా?” అంది.

పిల్ల గుండె సింహాద్రి అరచేతిలో టకటక కొట్టుకుంటోంది. అతని కోపమంతా దిగిపోయింది. మెల్లగా పొద దగ్గర దింపి వచ్చాడు.

అప్పట్నించి కాయ కోసే ముందు ప్రతిదాన్నీ వేలితో తట్టి, “కాయవా, పిల్లవా?” అని అడిగేవాడు.

ఏదీ, దుప్పట్లో ముడుచుకున్న నువ్వు? కాయవా, పిల్లవా?

కథ పోయింది కంచికి,
కాయ పోయింది గుమ్మానికి,
నక్కపిల్ల అమ్మ ఒడికి,
నువ్వు రావే నా పక్కకి.