లాంగ్ బెల్

వైజయంతికి ఆ రోజు గురువుగారి మొహం చూడాలంటే సిగ్గేసింది. ఆ సిగ్గు బయటపడకుండా కోపం తెచ్చుకుని మేడమెట్లు ఎక్కింది.

"ఆ మిషన్‌కి బుద్ధి లేదు సార్," అంది గుమ్మంలోనే.

గౌస్ సార్ కళ్ళజోడు పైకి జరుపుకుని, "కూర్చోమ్మా," అన్నారు.

నంద్యాలలో ఆ పాత మేడ మీద ఆయన ప్రోగ్రామింగ్ నేర్పేవారు. ఒక్కో కంప్యూటర్ గదంత ఉండే కాలంలో వాటి దగ్గర ఉద్యోగం చేసి, రిటైరయ్యాక సొంతూరు చేరుకున్న మనిషి. కొత్తగా చేరినవాళ్ళని వెంటనే కీబోర్డు ముట్టనిచ్చేవారు కాదు. ముందు పూసల చట్రం చేతికిచ్చి కూడికలు చేయించేవారు. తర్వాత చీరల మగ్గం నుంచి తెచ్చిన చిల్లుల అట్టల దండ విప్పి చూపించేవారు.

"చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది. లేనిచోట లేవదు. కొంగు మీద నెమలి అలా వస్తుంది. మా రోజుల్లో కంప్యూటర్‌కి కూడా ఇలాంటి అట్టల మీదే చెప్పేవాళ్ళం. పొద్దున అట్టలు ఇస్తే జవాబు మర్నాటికి వచ్చేది. తప్పు చేస్తే మళ్ళీ ఇంకో రోజు ఆగాలి."

వైజయంతికి ఆ కబుర్లు రుచించలేదు. డిగ్రీలోనే రెండు కంప్యూటర్ భాషలు నేర్చుకుంది. మూడోది వీడియోలు చూసి పట్టేసింది. సార్ నెమళ్ళ గురించి చెబుతుంటే బల్ల కింద ఫోన్ తీసి ఏదో ఒక ప్రోగ్రాం రాసుకునేది. సార్ చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

అలాంటప్పుడు వీధి చివరి చిన్నపిల్లల బడి నుంచి హెడ్మాస్టరమ్మ సువార్తమ్మ గారు వచ్చారు. గంట కొట్టే ఆయా పని మానేసిందట. పాఠం మధ్యలో టీచర్లే లేచి వెళ్ళి కొట్టాల్సి వస్తోందట. వేళకి దానంతటదే మోగే గంట చేసిపెట్టగలరా అని అడిగారు.

సార్ నోరు తెరిచేలోగా, "నేను చేస్తాను," అంది వైజయంతి.

ఒక్క సాయంత్రంలో చేసేసింది. అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డు, దానికో కరెంటు బెల్లు. అన్నం గంట పన్నెండూ ముప్పావుకి మూడుసార్లు మోగాలి. బోర్డులో టైము ముందుకు జరిపి చూసింది. బెల్లు మూడుసార్లు ఖంగుమంది. ఆ సంతోషంలో అక్కడికక్కడే స్విచ్ ఆపేసింది.

"కాసేపు నడవనిచ్చి చూడకూడదా?" అన్నారు సార్.

"మోగింది కదా సార్."

మర్నాడు బళ్ళో పన్నెండూ ముప్పావుకి గంట మోగింది. మూడుతో ఆగలేదు. మోగుతూనే ఉంది.

ఏ బళ్ళోనైనా ఆగకుండా మోగే గంటకి అర్థం ఒకటే. లాంగ్ బెల్. ఇంటికి పొమ్మని. పిల్లలు సంచులు భుజాన వేసుకుని ఒక్క ఉదుటున గేటు దాటేశారు. అడ్డుపడబోయిన టీచరమ్మకి ఒక చెప్పు మాత్రం దొరికింది. వండిన అన్నం, గుడ్లు గిన్నెల్లోనే ఉండిపోయాయి. తల్లులు కూలికి వెళ్ళిన పిల్లలు తాళం వేసిన తలుపుల ముందు ఆకలితో కూర్చున్నారు. సువార్తమ్మ గారు ఎండలో వీధి వీధీ తిరిగి, వాళ్ళని పోగుచేసి తీసుకొచ్చి అన్నం పెట్టేసరికి నిజంగానే బడి వదిలే వేళైంది.

ఆ కబురు చెవినపడ్డాకే వైజయంతి మేడ ఎక్కింది.

"మూడుసార్లు అని స్పష్టంగా రాశాను సార్. నేను చూసినప్పుడు మూడే మోగింది. బోర్డు చెడిపోయి ఉంటుంది. మార్చేద్దాం."

గౌస్ సార్ ఒక తెల్ల కాగితం ఆమె ముందు పెట్టారు. "నువ్వు దానికి ఏం చెప్పావో కాగితం మీద రాయి. మనం మాట్లాడుకునే మాటల్లో," అన్నారు. "రేపు బడికి వెళ్దాం."

మర్నాడు సువార్తమ్మ గారు వైజయంతి వంక చూడనైనా లేదు. సార్ ఆవిడతో, "అమ్మా, ఈ పూట గంట మా అమ్మాయి కొడుతుంది. ఎంతసేపు మోగినా మీరు కంగారుపడొద్దు. గేటుకి మాత్రం తాళం వేయించండి," అన్నారు.

వరండా దూలానికి పాత రైలుపట్టా ముక్క వేలాడుతోంది. సార్ సుత్తి తీసి వైజయంతి చేతిలో పెట్టారు.

"కంప్యూటర్ అనేది మొదట్లో మిషన్ పేరు కాదమ్మా. కూర్చుని లెక్కలు వేసే మనుషుల్ని అలా పిలిచేవాళ్ళు. ఈ పూట నువ్వే కంప్యూటర్‌వి. కాగితంలో ఉన్నది చెయ్యి. లేనిది చెయ్యకు."

వైజయంతికి నవ్వొచ్చింది. కాగితం పైకి చదివింది.

"గడియారం చూడు. పన్నెండూ ముప్పావు అయితే గంట మూడుసార్లు కొట్టు. మళ్ళీ మొదటికి వెళ్ళు."

"అంతేనా?"

"అంతే సార్."

పన్నెండూ ముప్పావు అయింది. సార్ తన చేతి గడియారం ఆమె ముందుకు చాపారు. వైజయంతి మూడు దెబ్బలు కొట్టి సుత్తి దించింది.

"తర్వాతి వాక్యం?"

"మళ్ళీ మొదటికి వెళ్ళు."

"వెళ్ళు."

"గడియారం చూడు," అని చదివి, చూసింది. ఇంకా పన్నెండూ ముప్పావే.

"ఇందాకే కొట్టాను కదా సార్," అంది నెమ్మదిగా.

"ఆ సంగతి కాగితంలో ఉందా?"

ఆమె కాగితం వంక చూసింది. తర్వాత సుత్తి వంక చూసింది. ఎత్తి మూడు కొట్టింది. గడియారం చూసింది. మూడు కొట్టింది. మళ్ళీ చూసింది. మళ్ళీ కొట్టింది.

పిల్లలు కంచాలు పట్టుకుని చుట్టూ మూగారు. కొందరు దెబ్బదెబ్బకీ కంచం మీద తాళం వేస్తున్నారు. రెండు జడల పిల్ల ఒకతి ముందుకొచ్చి అడిగింది.

"అక్కా, అన్నానికా, ఇంటికా?"

"అన్నానికేనమ్మా," అంది వైజయంతి రొప్పుతూ.

"మాట్లాడమని కాగితంలో లేదు," అన్నారు సార్.

బళ్ళో అందరూ నవ్వారు. బిగుసుకుని నిలబడ్డ సువార్తమ్మ గారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వైజయంతికీ నవ్వు ఆగలేదు, చెయ్యీ ఆగలేదు. భుజం లాగేస్తోంది. గడియారంలో నిమిషం మారగానే సుత్తి వదిలేసి వరండా మెట్ల మీద కూలబడింది.

"నిమిషం ఇంత పెద్దదని తెలీదు సార్," అంది.

"ఆ మిషన్‌కి ఇంకా పెద్దదమ్మా," అన్నారు సార్, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ.

ఆమె నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి కాగితం అందుకుంది.

పిల్లలు అన్నాలు తింటున్నారు. వైజయంతి కాగితం మోకాలి మీద పెట్టుకుని ఒక వాక్యం చేర్చింది. "కొట్టాక గుర్తు పెట్టుకో, ఈ పూటకి మళ్ళీ కొట్టకు." ఇదివరకైతే అంతటితో పరుగెత్తి కీబోర్డు పట్టుకునేది. ఇప్పుడు వాక్యం వాక్యం మీద వేలు ఆనించి, మొదటి నుంచి చివరిదాకా తానే నడిచి చూసింది. పెదాలు కదులుతున్నాయి. మధ్యలో వేలు ఆగింది.

"కొట్టగానే కరెంటు పోయి వెంటనే వస్తే? ఇందాక కొట్టిన సంగతి దానికి గుర్తుంటుందా?" అని తనలో తను అనుకుంది. దానికో మాట చేర్చింది. మళ్ళీ మొదటి నుంచి నడిచింది. బడి లేని ఆదివారం దగ్గర ఇంకోసారి ఆగింది.

గౌస్ సార్ పక్కనే కూర్చుని గుడ్డు వొలుచుకుంటున్నారు.

సువార్తమ్మ గారు మళ్ళీ ఒప్పుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక బోర్డు గోడ మీదకి ఎక్కింది. అదే బోర్డు. ఆ మధ్యాహ్నం గేటు దగ్గర ఒక టీచరమ్మ ముందుజాగ్రత్తగా కాపలా నిలబడింది. వేళ అయింది. బెల్లు ఖంగున మూడుసార్లు మోగింది. పిల్లలు కొంచెం నిరాశగా కంచాలు తీశారు.

సువార్తమ్మ గారి మొహం విప్పారింది.

"బాగా మోగిందమ్మాయ్. సార్, మీరూ రండి, మాతో రెండు ముద్దలు తిందురుగాని."

వైజయంతి కదల్లేదు. చూపు గడియారం మీదే ఉంది.

"ఒక్క నిమిషం ఉండండమ్మా," అంది. "ఇంకా అవ్వలేదు."

గౌస్ సార్ ఆమె పక్కకి వచ్చి నిలబడ్డారు. మోగని గంటని ఇద్దరూ శ్రద్ధగా విన్నారు.