గంధం పూసిన కన్ను

మిఠాయి చేతిలో పట్టుకున్నాడే గానీ నజీరు దాన్ని నోట్లో పెట్టుకోలేదు. పొద్దున్నించీ దర్గాకు వచ్చినవాళ్ళంతా అతన్నే వెతుక్కుంటూ వచ్చి భుజం తడుతున్నారు. "బిడ్డ ప్రాణం నిలబెట్టినావప్పా" అంటున్నారు. అతను తల వంచుకుంటే అది కూడా వినయమే అనుకున్నారు.

నజీరు అమీనుల్లా సాహెబు శిష్యుడు. కొండ కింద దర్గాలో ఆయన దగ్గరే ఉంటాడు. ఆయన్ని ఊళ్ళకు తిప్పేదీ అతనే. ఈమధ్య ఒక భక్తుడు సాహెబుకు కొత్త కారు ఇచ్చాడు. ముందు అద్దం వెనక దానికొక కెమెరా కన్ను ఉంది. దారికి ఏదైనా అడ్డం వచ్చి, తోలేవాడు చూసుకోకపోతే, కారు తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. ఆ సంగతి తెలిసినప్పటినుంచి నజీరుకు స్టీరింగు మీద ఒక చెయ్యి, ఫోను మీద ఒక చెయ్యి.

"చూసుకునే పని దానిది, హజ్రత్. మనం కూచుంటే చాలు" అని గొప్పగా చెప్పాడు కూడా. సాహెబు నవ్వి ఊరుకున్నాడు.

ఆ కన్ను ఒకసారి పొరబడింది. గాలికి ఎగిరొచ్చిన ఫ్లెక్సీ ముక్కను చూసి కారు నడిరోడ్డు మీద ఉన్నపళంగా ఆగిపోయింది. వెనకొస్తున్న ఆటో వచ్చి గుద్దుకుంది. ఆటోవాడు కిందపడితే మోచెయ్యి చీరుకుపోయింది. "నాదేం తప్పులేదప్పా, బండే ఆగింది" అని నజీరు పదిమందికీ వినబడేలా చెప్పి, చక్కగా తప్పుకుని వచ్చేశాడు.

నిన్న సంత వీధిలో మేకపిల్ల వెంటబడి ఒక పాప రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చింది. నజీరు ఫోనులో ఎవరో పంపిన వీడియో చూసి నవ్వుకుంటున్నాడు. కారు కీచుమని ఆగింది. తలెత్తి చూస్తే బానెట్టు అంచున పాప జడ రిబ్బను కనబడింది. అంత దగ్గర. తల్లి వచ్చి అతని చేతులు రెండూ పట్టుకుని భోరున ఏడ్చింది. "బండే ఆగింది" అనే మాట నిన్న మాత్రం అతని నోటికి రాలేదు.

ఆ తల్లి పేరు సుంకమ్మ. ఇవాళ పాపను చంకనేసుకుని దర్గాకు వచ్చింది. ఆ మిఠాయి ఆమె పంచిందే. అందరికీ పెట్టాక, మల్లెపూల దండ పట్టుకుని సాహెబు ముందు నిలబడింది.

"సామీ, ఈ అన్న మెడలో మీ చేత్తో వెయ్యండి."

సాహెబు దండ అందుకోలేదు. పక్కన ఇత్తడి గిన్నెలో అప్పుడే అరగదీసిన గంధం ఉంటే, దాన్ని తీసుకుని నజీరు దగ్గరికి వచ్చాడు.

"దండ తర్వాత వేస్తాలేమ్మా. ముందు ఆ కాలికి గంధం పూస్తా. బ్రేకు తొక్కింది ఏ కాలురా?"

నజీరు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

"కుడికాలు, హజ్రత్."

సాహెబు ఒక చెయ్యి నేలకు ఆనించి, మోకాళ్ళ నొప్పికి పళ్ళు బిగించి, మెల్లగా కింద కూచున్నాడు. శిష్యుడి పాదం మీదికి వంగాడు. తెల్లటి గడ్డం నజీరు కాలివేళ్ళకు తగిలింది.

నజీరు కాలు లాక్కుని అక్కడే కూలబడ్డాడు.

"వద్దు హజ్రత్! ఈ కాలు తొక్కలేదు. ఏ కాలూ తొక్కలేదు. నేను ఫోను చూస్తా ఉంటి. బండే ఆగింది."

సుంకమ్మ తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. ఆమె తిట్టలేదు. పాపను గట్టిగా హత్తుకుని, చేతిలోని దండను వెనక్కి తీసుకుంది. అంత సిగ్గు అతను పుట్టి ఎరగడు.

సాహెబు వేళ్ళకు గంధం అలాగే ఉంది.

"అయితే ఇది పూయాల్సింది యాడ?"

నజీరు తలెత్తకుండా కారువైపు చెయ్యి చూపించాడు. సాహెబు లేచి వెళ్ళి, కెమెరా ఎదురుగా ఉన్న అద్దం మీద గంధం దట్టంగా పూశాడు.

"ఇంగ ఈయమ్మను, బిడ్డను ఇంటికాడ దింపొద్దాం పా."

సుంకమ్మ కదల్లేదు. "ఈ అన్న తోలితేనా, సామీ?"

"ఈ అన్నే తోలల్లా. నేనూ వస్తాలే తల్లీ."

ఆమె నజీరు ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏం కనబడిందో గానీ, వెనక సీట్లో ఎక్కి పాపను ఒళ్ళో కూచోబెట్టుకుంది.

కారు కదలగానే నజీరు ఎదుట పసుపు దీపం వెలిగింది. కెమెరాకు ఏమీ కనబడటం లేదని దాని అర్థం. అతను రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. రోజూ తిరిగే దారే. కానీ కూరగాయల బండి వెనక నిలబడ్డ ముసలాయన, లారీ చక్రాల పక్కన గోలీలాడే పిల్లలు, ఎటు తిరుగుతుందో తెలియని దూడ, అన్నీ ఇవాళే కొత్తగా వచ్చి చేరినట్టుగా కనబడ్డాయి. ప్రతి మలుపులో పాదం బ్రేకు మీదికి పోతోంది. ఫోను ఎక్కడ పెట్టాడో అతనికే గుర్తులేదు. ఇంటిముందు కారు ఎంత మెల్లగా ఆగిందంటే, ఒళ్ళో నిద్రపోయిన పాప లేవలేదు.

"తప్పయింది, చెల్లీ" అన్నాడు నజీరు.

సుంకమ్మ దిగి, పాపను భుజానికి ఎత్తుకుంది. "మెల్లగా పో, అన్నా" అంది. దండ ఆమె చేతిలోనే ఉంది.

సాహెబు కిందికి దిగి, భుజం మీది శాలువా కొంగుతో అద్దం మీది గంధం తుడవసాగాడు.

"ఉండనీండి హజ్రత్. నాకదే శాస్తి."

"శాస్తి నీకైతే దాని కన్ను ఎందుకురా మూయడం? నిన్న అది చూడకుంటే ఆ బిడ్డ యాడుండేది?"

అద్దం శుభ్రమయింది. పసుపు దీపం ఆరిపోయింది. ఆయన వచ్చి నజీరు పక్కన కూచున్నాడు.

"ఇంగ పోనీ. నువ్వూ, ఆ కన్నూ ఇద్దరూ చూసుకుంటా పోండి."

నజీరు కుడికాలు బ్రేకు మీదినుంచి మెల్లగా తీశాడు. వీధి చివర దర్గా దారి ఎడమవైపు. అతను కారును అటు తిప్పలేదు. కుడివైపు, ఆ దెబ్బతగిలిన ఆటోవాడుండే స్టాండు వీధిలోకి తిప్పాడు.