చుక్కల వెనక మాట

పాస్‌వర్డ్ కరెక్టే. అందులో తిరుపాలుకు ఇసుమంత అనుమానం కూడా లేదు. రెండేళ్ళ నుంచీ కొడుతున్న మాట అది. నిద్రలో లేపి అడిగినా వేళ్ళు వాటంతట అవే కొట్టేస్తాయి. కంప్యూటరు మాత్రం కాదంటోంది. ఎర్ర అక్షరాల్లో, ఎంతో మర్యాదగా, తప్పు కొట్టారు, మళ్ళీ ప్రయత్నించండి అంటోంది.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే మాట.

"ఏమైందయ్యా?" అంది గోడవారగా బల్ల మీద కూచున్న మస్తానమ్మ.

"ఏం కాలేదమ్మా. అయిపోద్ది. కూచో."

పాపం, ఆమె పొద్దున్నుంచీ కూచునే ఉంది.

మార్కాపురం దాటి పలకల గనుల వైపు పోతే కాశయ్య స్వామి ఆశ్రమం వస్తుంది. ఆశ్రమమంటే మీరేదో ఊహించుకునేరు. రెండు రేకుల షెడ్లు, ఒక వంటపాక, ఒక బోరు, అంతే. అక్కడికి మోక్షం కావాలని వచ్చేవాళ్ళు బహు తక్కువ. ఆస్పత్రి కావాలని వచ్చేవాళ్ళే ఎక్కువ. స్వామి ఎవర్నీ పొమ్మనడు. పొమ్మనకపోవడం వరకూ స్వామి పని. ఆ తర్వాత పనంతా శిష్యుడు తిరుపాలు నెత్తిన పడుతుంది. ఆస్పత్రులకు ఫోన్లు చెయ్యడం, కాగితాలు ఎక్కించడం, రక్తం ఇచ్చేవాళ్ళను వెతకడం, అంబులెన్సును బతిమాలడం. అన్నం ముందు కూచుంటే ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడతారు. ఎండాకాలం, రేకుల కింద, నెత్తిమీద గాలి కన్నా చప్పుడు ఎక్కువ చేసే ఫాను. మనిషి ముప్పై దాటలేదు గానీ చూస్తే నలభై అంటారు.

మస్తానమ్మ మనవడికి మూడేళ్ళు. పుట్టినప్పట్నుంచీ గుండెలో రంధ్రం. ఏడిస్తే పెదాలు నీలం తిరుగుతాయి. పట్నంలో ఒక ఆస్పత్రికి బయటి డాక్టర్లు వచ్చి ఇలాంటి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. పేర్లు పంపేది ఇలాంటి ఆశ్రమాలే. ఆ పిల్లాడికి ఎల్లుండికి తేదీ వచ్చింది. వాడూ, వాడి తల్లీ అప్పుడే ఆస్పత్రిలో ఉన్నారు. ఆశ్రమం తరఫున ఆస్పత్రి సైట్లోకి పోయి, అవును, పిల్లాడు సిద్ధం అని ఒక్క నొక్కు నొక్కాలి. ఇవాళ, మధ్యాహ్నం దాటాక, నాలుగ్గంటల లోపల. నొక్కకపోతే ఆ తేదీ వరసలో వెనకున్న పిల్లకు పోతుంది. డాక్టర్లు మళ్ళీ వచ్చేది దీపావళి వెళ్ళాక. అంత దాకా పిల్లాడు ఆగడని ఆస్పత్రివాళ్ళే చెప్పారు. మెత్తగానే చెప్పారు, కానీ చెప్పారు.

ఇప్పుడు మూడున్నర అవుతోంది.

ఆశ్రమం పనికి పాస్‌వర్డులు బోలెడు. ఆస్పత్రిది ఒకటి, మెయిలుది ఒకటి, కరెంటు బిల్లుది ఒకటి. అన్నీ గుర్తుండి చావవు గనక తిరుపాలు వాటన్నిటినీ పాస్‌వర్డ్ మేనేజర్ అనే ఒకే పెట్టెలో పడేసి, దానికి ఒక పెద్ద పాస్‌వర్డ్ పెట్టాడు. ఆ ఒక్కటి గుర్తుంటే చాలు, అన్నీ తెరుచుకుంటాయి. ఆ ఒక్కటీ పోతే పెట్టె తయారుచేసినవాళ్ళు కూడా తెరవలేరట. పెట్టిన రోజున అది చాలా గొప్ప సంగతిగా అనిపించింది తిరుపాలుకు.

ఆస్పత్రికి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి మంచిదే. "సైట్లో మీరే నొక్కాలండీ, ఇక్కడ మా చేతిలో ఏమీ లేదు" అంది. సైటు పాస్‌వర్డ్ మార్చుకుందామంటే మెయిలు తెరవాలి. మెయిలు పాస్‌వర్డూ ఆ పెట్టెలోనే ఉంది. ఫోన్లోనన్నా తెరిచి చూద్దామంటే ఆశ్రమంలో బటన్ల ఫోన్లు తప్ప వేరేవి ఉండకూడదని స్వామి ఎప్పుడో కట్టడి పెట్టాడు.

తెర ఆపి మళ్ళీ వేశాడు. నెట్ వైరు ఊడదీసి మళ్ళీ గుచ్చాడు. కీబోర్డు తిరగేసి దులిపితే బొరుగులు రాలాయి. మళ్ళీ కొట్టాడు, ఈసారి ఒక్కో అక్షరాన్నీ పొడిచి పొడిచి. కాదంది. పైగా ఇంకో ముక్క చేర్చింది. ఇంకొక్కసారి తప్పు పడితే రేపటి దాకా తెరవనంది.

తిరుపాలు అరచేత్తో కంప్యూటరు బల్లను ఒక్కటి చరిచాడు. మస్తానమ్మ ఉలిక్కిపడి లేచి నిలబడింది.

ఆ చప్పుడుకు కాశయ్య స్వామి పక్క షెడ్డులోంచి వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, భుజాన తువ్వాలు, మోకాళ్ళు పట్టేసి కాస్త ఎడంగా నడుస్తాడు. పూర్వాశ్రమంలో లారీ డ్రైవరు.

"ఏందయ్యా తిరుపాలూ, బల్లనేం చేస్తన్నావ్?"

"కరెక్టు పాస్‌వర్డ్ కొడతన్నా స్వామీ. తీసుకోటంలా. ఈ దరిద్రప్పెట్టె చెడిపోయింది."

"కరెక్టేనా?"

"కరెక్టే స్వామీ! నేను పెట్టిందే గదా. నేను మర్చిపోతానా?" గొంతు పెరిగింది. గురువు ముందు పెరిగిందని తెలిసి కూడా తగ్గలేదు. "నేనేం తప్పు చెయ్యలా. దానిదే తప్పు."

స్వామి ప్లాస్టిక్ స్టూలు ఒకటి లాక్కుని మెల్లగా దాని మీద కూలబడ్డాడు. కళ్ళజోడు పెట్టుకుని తెర వంక చూశాడు.

"చుక్కలు పడుతున్నయ్యే. అక్షరాలేయి?"

"కనపడవు స్వామీ. ఎవరూ చూడకుండా చుక్కలే పడతాయి."

"నీక్కూడా కనపడవా?"

"నాకెందుకు కనపడటం? నా వేళ్ళకు తెలుసు."

"ఊఁ," అన్నాడు స్వామి. తెర వైపు వేలు చాపాడు. "ఆ చివర ఆ కన్ను బొమ్మ ఏంది?"

తిరుపాలు కీబోర్డు వంక చూస్తూ అన్నాడు.

"దాన్ని నొక్కితే కొట్టింది కనపడుద్ది."

"మరి నొక్కు."

తిరుపాలు అప్పటిదాకా వైరు ఊడదీశాడు, కీబోర్డు దులిపాడు, తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాడు. ఆ కన్నును మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదంటే, చెప్తాను.

రెండేళ్ళ కిందట ఆశ్రమంలో తోడుగా ఉన్న ఇంకో శిష్యుడు వెళ్ళిపోయాడు. రెండు పనులూ తిరుపాలు మీద పడ్డాయి. ఈ పెట్టె పెట్టుకున్నది ఆ వారమే. పొడవైన మాట ఒకటి, మీరు ఎప్పటికీ మర్చిపోలేనిది పెట్టుకోండి అని అడిగింది కంప్యూటరు. ఆ పూట అన్నం కూడా తినలేదు. గొంతులో ఏముంటే అదే కొట్టేశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాట. ఈ చాకిరీ నా వల్ల కాదు.

నిజంగానే మర్చిపోలేదు.

ఇప్పుడు కన్ను నొక్కితే ఆ మాట తెర మీద ఇంతింత అక్షరాలతో పడుతుంది. పక్కనే స్వామి. స్వామికి రోడ్ల మీద బోర్డులు చదివే ఇంగ్లీషు బాగానే వచ్చు.

"స్వామీ, మీరు కాసేపు బయట కూచోండి. నేను చూసుకుంటా."

"లేవలేనయ్యా. ఇప్పుడే గదా కూచుంది. మోకాళ్ళు సహకరించొద్దూ?" అని, మస్తానమ్మ వైపు తిరిగాడు. "నువ్వు కూడా ఇటు రామ్మా. అక్కడెందుకు ఒక్కదానివే? ఇక్కడ కూచో, గాలి తగులుద్ది."

ఆమె వచ్చి స్వామి పక్కన నేల మీద కూచుంది. ఆ గాలి అక్కడా తగల్లేదు. కానీ ఇప్పుడు ఇద్దరూ తెరకు ఎదురుగా ఉన్నారు.

తిరుపాలు కన్ను బొమ్మ నొక్కాడు. కళ్ళు మూసుకున్నంత పనిచేసి పాస్‌వర్డ్ కొట్టాడు. ఖాయం చేసే మీట మాత్రం నొక్కలేదు. తలెత్తి చూశాడు.

చాకిరీ లేదు, ఏమీ లేదు. తెర మీద తెలుగు పడి ఉంది. తెలుగంటే తెలుగు కాదు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన కొమ్ములూ, ఓత్వాలూ, వాటి మధ్య అర్థం పర్థం లేని అక్షరాలూ.

"ఇదేనా కరెక్టు?" అన్నాడు స్వామి. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే.

తిరుపాలుకు అప్పుడు వెలిగింది. ఎప్పుడైనా తెలుగులో కొట్టే పనుంటే, అది అవగానే కీబోర్డు ఇంగ్లీషుకు మార్చేసేవాడు. ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. రాగానే ముందు స్వామి గురువారం చెప్పిన నాలుగు మాటలు గేటు దగ్గర అంటించడానికి తెలుగులో కొట్టాడు. కీబోర్డు తెలుగులోనే ఉండిపోయింది. అప్పట్నుంచీ తను ఇంగ్లీషులో కొడుతున్నాననుకుంటున్నాడు. ఆ యంత్రానికి అందుతున్నది ఈ చెత్త. దాని మర్యాదకు మెచ్చుకోవాలి.

ఆ చెత్తంతా చెరిపేశాడు. కీబోర్డు ఇంగ్లీషుకు మార్చాడు. ఇక కన్ను మూసేసి మళ్ళీ చుక్కల్లోనే కొట్టెయ్యొచ్చు. వేలు ఆ బొమ్మ దాకా వెళ్ళింది కూడా.

అప్పుడే మస్తానమ్మ ఒళ్ళో ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి కూతురు. ఫోను కన్నా ఆ పిల్ల గొంతే గట్టిగా ఉంది. "అమా, అయిందా? ఇక్కడ అడుగుతున్నారే. అయిందా లేదా?"

"అయిద్దమ్మా," అంది మస్తానమ్మ. తిరుపాలు వంక చూడలేదు. చూస్తే తొందరపెట్టినట్టు ఉంటుందనుకుందో ఏమో, తెర వంక చూస్తూ అంది. "అయ్య కొడతన్నాడు. అయిద్ది."

మిగిలింది ఒక్కసారే. చుక్కల్లో కొట్టి, వేలు ఎక్కడన్నా జారితే? తిరుపాలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కన్ను తెరిచే ఉంచాడు. ఒక్కో అక్షరమే కొట్టుకుంటూ పోయాడు. ఒక్కో అక్షరమే పెద్దగా, నల్లగా, ఇద్దరి ముందూ పడింది.

స్వామి పెదాలు కదిలించుకుంటూ చదివాడు. డ్రైవరు కదా, నెమ్మదిగా చదివినా ఒక్కటీ వదల్లేదు. చివరి మాట దగ్గర పెదాలు ఆగాయి.

"సరిగ్గా పడిందా?" అన్నాడు.

"పడింది స్వామీ," అన్నాడు తిరుపాలు. సగం మాట నోట్లోనే ఉండిపోయింది.

"మరి నొక్కు. టైమైపోతాంది."

నొక్కాడు. తెరుచుకుంది. ఆస్పత్రి సైటు, పిల్లాడి పేరు, అవును, సిద్ధం. పచ్చ గుర్తు పడింది. ఫోన్ చేసి అడిగితే అవతల అమ్మాయి కూడా "వచ్చిందండీ, వచ్చింది" అంది.

మస్తానమ్మకు చదువు రాదు. తెర మీద ఏం పడిందో, ఏం పోయిందో ఆమెకు తెలియదు. పచ్చ గుర్తు మాత్రం తెలిసింది. గభాల్న లేచి స్వామిని దాటుకుని వచ్చి తిరుపాలు రెండు చేతులూ పట్టుకుని తన కళ్ళకద్దుకుంది. "నీ కడుపు చల్లగుండ నాయనా, ఈ చేతులు పదికాలాలుండ," అని భోరుమంది. తిరుపాలు ఆ చేతులు లాక్కోలేకపోయాడు. లాక్కోవాలని ఉంది. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

ఆమె ఆటో కోసం గేటు వైపు పరిగెత్తింది.

గదిలో ఇద్దరూ మిగిలారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు స్వామి.

"రెండేళ్ళు స్వామీ."

"రోజుకెన్నిసార్లు కొడతావు?"

"కాసేపు ముట్టుకోకపోతే మూసుకుపోద్ది. లేచి వచ్చినప్పుడల్లా కొట్టాల్సిందే. లెక్కలేదు."

"నేనిచ్చిన మంత్రం?"

తిరుపాలు తలొంచుకున్నాడు. "కూచుంటే నిద్రొచ్చేస్తాంది స్వామీ."

కోప్పడతాడనుకున్నాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు. స్వామి స్టూలు పట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని, అయ్యో రామా అనుకుంటూ ఎట్లాగో లేచాడు. వచ్చి తిరుపాలు భుజం మీద చెయ్యేశాడు.

"లే."

తిరుపాలు లేచాడు. స్వామి ఆ కుర్చీలో కూచున్నాడు. మెడ చాచి బయట ఇంకా ఎవరు ఎదురుచూస్తున్నారో చూశాడు. తర్వాత కీబోర్డు వంక, కొత్త బండి ఎక్కిన డ్రైవరు చూసే చూపు చూశాడు.

"కాగితాలు ఇక్కడ పెట్టించుకుంటా. రేపు నిదానంగా ఎక్కిద్దాం. రేప్పొద్దుట నుంచి నువ్వు సగం చెప్పు, నేను సగం నేర్చుకుంటా. ఇప్పుడు పోయి పడుకో."

"మీరా స్వామీ? మీవల్ల ఎక్కడయిద్ది?"

"కాకపోతే ఇద్దరివల్లా కాదు. పో."

తిరుపాలు గుమ్మం దాకా పోయి ఆగాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ రెండడుగులు వెనక్కి వచ్చాడు.

"ఒక్క నిమిషం స్వామీ. ఆ పాస్‌వర్డ్ మార్చేసి పోతా. మీరిచ్చిన మంత్రమే పెట్టేస్తా."

"వద్దు," అన్నాడు స్వామి, కళ్ళజోడు తువ్వాలుతో తుడుచుకుంటూ. "ఇప్పుడున్నది నిజం. ముందు అది అబద్ధం కానీ. అప్పుడు మారుద్దాం."